తోబుట్టువుల గడిలో రాసిన మాట

1990 జూలైలో నాకు నల్లగొండ జిల్లా నుంచి పాలమూరు జిల్లాకు బదిలీ అయింది. హోదా క్లినికల్ సైకాలజిస్ట్. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, చేరిన రోజు నాకు చూపించిన గది పాత ఎక్స్‌రే ఫిల్ములు దాచే కొట్టు. పెట్టెలన్నీ ఒక గోడకు జరిపించి, రెండో గోడ పక్కన బల్ల వేయించుకున్నాను. తొమ్మిదేళ్లు ఆ బల్ల దగ్గరే పనిచేశాను. ఆ ప్రభుత్వ దవాఖాన పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పబోయే పొరపాటు నాది, దవాఖానది కాదు.

మా వృత్తి గురించి ముందుగా కొంచెం చెప్పాలి. సైకాలజిస్టు వైద్యుడు కాదు. మందు రాయకూడదు, సూది వేయకూడదు. పిల్లల తెలివి, మాట, నడవడి పరీక్షించి, తల్లిదండ్రులను అడిగి తెలుసుకుని నివేదిక రాయడం మా పని. దాని మీద మానసిక వైద్యుడు, అంటే సైకియాట్రిస్టు, తన నిర్ణయం రాసి సంతకం చేస్తాడు. మాకు ఆ వైద్యుడు నెలకు రెండుసార్లు నగరం నుంచి వచ్చేవారు. ధ్రువపత్రం కావలసిన వాళ్లను ఆపైన మెడికల్ బోర్డు చూసేది. అంటే వరుసలో నాది మొదటి సంతకం, అన్నిటికన్నా చిన్న సంతకం. జనానికి ఈ తేడాలతో పని లేదు. వాళ్లకు నేను ‘పిచ్చి డాక్టరమ్మ’ను. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అలవాటైంది. ఇంకొన్నాళ్లకు ఆ పేరు చెబితేనే బస్సులో సీటు దొరికేది.

నెలకు రెండుసార్లు మండల కేంద్రాల్లో శిబిరాలు పెట్టేవాళ్లం. ఆ శిబిరాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచివస్తుంది. తెల్లవారగానే జీపు బయలుదేరేది. నడిపేవాడు జమాల్ భాయ్. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ పాన్ డబ్బా. దారిలో ఆకలైతే ఎక్కడ జొన్నరొట్టె వేడిగా దొరుకుతుందో, ఏ గుట్ట కింద సీతాఫలాలు తియ్యగా ఉంటాయో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వెనక సీటులో నా రేకుపెట్టె ఉండేది. అందులో చెక్కముక్కలు అమర్చే ఆకారాల పలక, స్టాప్‌వాచీ, రంగుపూసలు, గజ్జె, ఒక గుడ్డబొమ్మ, ప్రశ్నపత్రాలు. ఆ పెట్టెను జమాల్ భాయ్ పెళ్లికూతురి సారె మోసినట్టు మోసేవాడు.

ప్రశ్నపత్రాల్లో ఒకదాని సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. దాన్ని సామాజిక పరిపక్వత పరీక్ష అనేవాళ్లం. బిడ్డ ఏమేం చేయగలదో తల్లిని అడుగుతాం. తనంతట తాను అన్నం తింటుందా, బొత్తాలు పెట్టుకుంటుందా, ఇంటి పనుల్లో సాయపడుతుందా, చెప్పిన పని పూర్తి చేస్తుందా. ‘చేస్తుంది’ అన్న ప్రతి జవాబుకూ ఒక మార్కు. మార్కులు కూడితే బిడ్డ సామాజిక వయసు వస్తుంది. అది అసలు వయసుకు దగ్గరగా ఉంటే పెద్దగా దిగులు పడనక్కర్లేదని మాకు నేర్పారు.

1991 ఫిబ్రవరిలో కోస్గిలో శిబిరం పెట్టాం. దగ్గరి ఊరి నుంచి నర్సయ్య అనే నేతకార్మికుడు భార్య బాలమణితో వచ్చాడు. వాళ్ల కొడుకు కుర్మూర్తికి ఆరేళ్లు, మాట రాలేదు. వాడి వెంట అక్క అలివేలు కూడా వచ్చింది. ఆమెకు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల పక్కన లేకపోతే వాడు బస్సెక్కడట.

కుర్మూర్తి సమస్య ఏమిటో నిర్ధారించడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు. నా ముఖం వైపు చూడలేదు. పూసలు ఇస్తే వరుసగా పేర్చి, ఒకటి కదిపితే గుక్కపట్టి ఏడ్చాడు. వరండాలో ఎవరిదో సైకిలు ఆనించి ఉంటే, దాని పక్కన బోర్లా పడుకుని గంటసేపు వెనక చక్రం తిప్పుతూనే ఉన్నాడు. చదువుకునేటప్పుడు మా పుస్తకంలో ఆటిజం అధ్యాయంలో ఉన్న పిల్లవాడు లేచి వచ్చి కోస్గిలో పడుకున్నట్టుంది. ఆ అధ్యాయంలో ఉదాహరణలన్నీ మగపిల్లలవే. ఆడపిల్లల్లో అరుదు అని మా మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు. మేమూ రాసుకుని పుస్తకం మూసేశాం.

ఆ రోజుల్లో ధ్రువపత్రంలో ఆటిజానికి గడే లేదు. ‘మానసిక మాంద్యం’ అన్న గడిలో టిక్కు పెట్టి, ఆటిజం అన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో రాసేవాళ్లం. బాలమణికి నేను ఇదంతా చెబుతుంటే ఆమె అడిగింది ఒక్కటే.

“వాడు నన్ను అమ్మా అంటడా?”

తెలియదని నిజమే చెప్పాను. ఆమె ఏడవలేదు. కొంగు నడుముకు బిగించుకుని కొడుకు కోసం వరండాలోకి వెళ్లింది.

అలివేలు మాత్రం మా అందరి మనసూ దోచుకుంది. నా బల్ల దగ్గరికి వచ్చి, తల వంచుకుని, చేతులు కట్టుకుని, “బాగున్నరా అమ్మా? ఇంట్ల అందరు బాగున్నరా? చాయ తాగిన్రా?” అని అడిగింది. అప్పటికి నాకు ఇల్లంటూ ఏమీ లేదు, నర్సుల క్వార్టర్లో ఒక గది తప్ప. అయినా కడుపు నిండిపోయింది. తర్వాత కాంపౌండర్‌నూ అలాగే అడిగింది. జమాల్ భాయ్‌నూ అడిగింది. ఇంకెవరి చంకలోనో ఉన్న రెండేళ్ల పిల్లనూ చాయ తాగిన్రా అని అడిగేసరికి శిబిరమంతా నవ్వింది.

“మేడం, గీ పిల్లను మన దవాఖానల చీటీలు రాసే కాడ కూసోబెట్టాలె. వచ్చినోళ్లందరు ఖుష్ అయితరు” అన్నాడు జమాల్ భాయ్.

ఆ నవ్వులో నేనూ ఉన్నాను. ఆ పిల్ల నవ్వలేదన్న సంగతి ఆ రోజు నేను గమనించలేదు.

ఆటిజం అనుమానించిన పిల్లల ఇంటికి నెలలోపు వెళ్లి చూసి రావాలని మా నియమం. మార్చిలో నర్సయ్య ఇంటికి వెళ్లాను. ముందుగదిలో గుంటమగ్గం, వెనక గదిలో రాట్నం. రాట్నం ముందు అలివేలు కూర్చుని కండెలు చుడుతోంది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలుపుల్ల. పెద్దలు నేస్తుంటే ఇంట్లో ఆడవాళ్లూ ఆడపిల్లలూ ఆ కండెలు చుట్టి అందించాలి.

నేనూ సాలోళ్ల పిల్లనే. నకిరేకల్ దగ్గర మా ఊరు. మా బాపు మగ్గం మీద ఉంటే, బడికి పోయేముందు అన్ని కండెలూ చుట్టి బుట్టలో వేసి పోవాల్సింది నేనే. ఆ పని మీద నాకిప్పుడున్న ప్రేమంతా ఉద్యోగం వచ్చాక పుట్టిందే. చిన్నప్పుడు తప్పించుకోవడానికి కడుపునొప్పి అని ఎన్నిసార్లు మూలిగానో లెక్కలేదు. అమ్మ వాము నీళ్లు తాగించి మళ్లీ రాట్నం ముందే కూర్చోబెట్టేది. కానీ ఆ రోజు, గంజి వాసన, నూలు వాసన, రాట్నం గురక, అన్నీ ఒక్కసారి మీదపడేసరికి నేను పరీక్షకు వచ్చిన సంగతే మరిచిపోయాను. మా ఇంట్లో ఉన్నట్టే ఉంది. బాలమణి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. ఇంటి ముసలమ్మ, అంటే నర్సయ్య తల్లి, “నువ్వు మనోళ్ల పిల్లవేనా బిడ్డా? ఎవ్వరింటి పేరు?” అని మొదలుపెట్టి మూడు తరాల దాకా పోయింది. నా జీవితంలో నేను చేసిన ఇంటి తనిఖీల్లో అంత సుఖంగా కూర్చున్నది ఇంకొకటి లేదు.

ఫారంలో తోబుట్టువుల గడి ఉంటుంది. పరీక్షకు వచ్చిన బిడ్డ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎలా ఉన్నారో అందులో రాయాలి. అలివేలు కోసం ఆ పరిపక్వత పరీక్షలోంచే కొన్ని ప్రశ్నలు లాంఛనంగా బాలమణిని అడిగాను, పిల్ల ఇంట్ల పని చేస్తదా అని.

“చేస్తది అమ్మా. దినమంత రాట్నం మీదనే ఉంటది. లెమ్మన్నా లెవ్వది.”

మార్కు వేశాను. పెద్దల ముందు తల ఎత్తదు. మార్కు. చెప్పింది చేస్తుంది. మార్కు. గడిలో ఇలా రాశాను: ‘సోదరి, తొమ్మిదేళ్లు. సాధారణం. మర్యాదస్తురాలు. ఇంటి పనిలో నేర్పరి.’ ఆ పైవరుసలోనే, అదే కలంతో, తమ్ముడి గురించి ‘చక్రాలు తిప్పుతూ గంటలు గడుపుతాడు’ అని రాసి దాన్ని లక్షణాల కింద లెక్కవేశాను. సైకియాట్రిస్టు తర్వాతి వారం సంతకం పెట్టారు. ఫైలు బీరువాలోకి పోయింది.

రెండున్నరేళ్లు గడిచాయి. 1993 సెప్టెంబరులో ఒకరోజు నర్సయ్య దవాఖానకు వచ్చాడు. ఈసారి వెంట కొడుకు లేడు, కూతురుంది. నేను మొదట గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర కొరుక్కున్న గాట్లు, కొన్ని మానినవి, కొన్ని మాననివి. బాగున్నవా అలివేలూ అన్నాను. నా మాట వినబడినట్టే లేదు.

నర్సయ్య చెప్పింది ఇది. జూన్‌లో పిల్ల పక్క ఊరి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. పది రోజుల్లో మాట తగ్గింది, నెలకు పూర్తిగా ఆగింది. తరగతిలో బెంచీ కిందికి దూరి చెవులు మూసుకునేది. లాగితే కొరికేది. దర్గాకు తీసుకెళ్లారు, తాయెత్తు కట్టించారు. ఊళ్లో వాళ్లు గాలి సోకిందన్నారు. తిండి కూడా తగ్గేసరికి మా దగ్గరికి తెచ్చారు.

ఆ రోజు సైకియాట్రిస్టు వచ్చే రోజే. మంచి వైద్యుడు, రోగిని కసురుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన పిల్లను అరగంట చూసి, పాత ఫైలు తెప్పించారు. తోబుట్టువుల గడి చదివి నా వైపు తిప్పారు. రెండున్నరేళ్ల కిందట మీరే సాధారణమని రాశారు కదా, కాబట్టి ఇది పుట్టుకతో వచ్చింది కాదు, ఈ మధ్యే మొదలైంది అన్నారు. ఆ వయసు ఆడపిల్లకు హఠాత్తుగా మాట పోతే అప్పట్లో మాకందరికీ మొదట తట్టే పేరు హిస్టీరియా. ఆయన అదే రాశారు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి, తీవ్రమైన మనోవ్యాధి అని కూడా రాశారు. తిండి మానేస్తోంది కాబట్టి వచ్చే సోమవారం నగరంలోని పెద్ద మానసిక ఆస్పత్రిలో చేర్చాలని, అక్కడ గట్టి మందులు, అవసరమైతే కరెంటు చికిత్స మొదలుపెట్టాలని సిఫారసు చేశారు.

ఆటిజం అనే ఆలోచన ఎవరికీ రాలేదు. రావడానికి దారి లేదు. ఆటిజమని రాయాలంటే లక్షణాలు మూడేళ్లలోపే కనిపించి ఉండాలి. తొమ్మిదేళ్లప్పుడు సాధారణం అని నా సంతకం ఉంది.

కారిడార్‌లో నర్సయ్య నన్ను ఆపాడు. కొడుకును విడిచి తల్లి నగరంలో ఉండలేదు. తను మగ్గం దిగితే పొయ్యి వెలగదు. పిల్ల ఒక్కతే ఉండాలి.

“అమ్మా, పిచ్చి దవాఖానల ఏసినంక మల్ల ఇంటికొస్తదా? గట్ల పోయినోళ్లు మా దిక్కు ఎవ్వరు రాలె.”

వస్తుందని చెప్పాను గానీ, నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు. అది బుధవారం. నాకేదో వెలితిగా ఉంది గానీ అదేమిటో తెలియదు. చేర్చే ముందు ఇంటి పరిస్థితుల నివేదిక ఒకటి జతచేయాలనే నియమాన్ని అడ్డం పెట్టుకుని, శుక్రవారం జీపు అడిగి తీసుకున్నాను.

మేం వెళ్లేసరికి అలివేలు వెనకగదిలో రాట్నం తిప్పుతోంది. ముఖంలో బాధ లేదు. దవాఖానలో చూసిన పిల్ల, ఈ పిల్ల ఒకరేనా అనిపించింది. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. కండె నిండుతుంటే రాట్నం చప్పుడు మారుతుంది. మొదట సన్నగా ఉండి, పోను పోను బరువవుతుంది. అది నా చెవికి చిన్నప్పుడే పట్టింది. ఎంతసేపు విన్నా ఆ చప్పుడు మారలేదు. లేచి దగ్గరికి వెళ్లి చూశాను. కదురుకు కండె లేదు. నూలు లేదు. రాట్నం ఊరికే తిరుగుతోంది. పిల్ల కళ్లు చక్రం ఆకుల మీద ఉన్నాయి.

బాలమణిని పిలిచి, నూలు లేకుండా తిప్పుతున్నదేంటి అని అడిగాను.

“గది ఎప్పటి సందో గట్లనే అమ్మా. నూలుంటే కండె సుడ్తది, అయిపోతే ఉత్తగ తిప్పుతది. ఒక్కోపాలి సుట్టిన కండె ఇప్పి మల్ల సుడ్తది. నడవనేర్చినప్పటి సంది గంతే.”

“మరి ఆనాడు నాకు చెప్పలేదేం చెల్లె?”

బాలమణి నా ముఖంలోకి చూసింది. తప్పు చేసిన దానిలా కాదు, తప్పు తనది కాదని తెలిసిన దానిలా చూసింది.

“మీరు పని చేస్తదా అని అడిగిన్రు. చేస్తది అన్న. నూలు ఉంటదా లేదా అని మీరు అడగలే గదా.”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మను అడగడమే నా ఉద్యోగం. ఆ రోజు నేను సిగ్గుపడ్డాను, సర్వీసంతటిలో అంతగా ఎప్పుడూ సిగ్గుపడలేదు. నగరంలో పుట్టి పెరిగిన సైకాలజిస్టు ఎవరైనా వచ్చి ఉంటే, ఈ పిల్ల అన్ని గంటలు ఆ చక్రం ఎందుకు తిప్పుతోందని అడిగేవారు. నేను సాలోళ్ల పిల్లను కాబట్టి అడగలేదు. నా కంటికి అక్క తిప్పేది రాట్నం, తమ్ముడు తిప్పింది సైకిలు చక్రం.

రాట్నం పక్కనే కింద కూర్చుని చరిత్ర మొత్తం మొదటి నుంచి మళ్లీ తీసుకున్నాను. చరిత్ర తీసుకోవడమంటే మా భాషలో బిడ్డ కడుపులో పడ్డప్పటి నుంచి ఒక్కొక్కటీ అడిగి రాయడం. ఈసారి జవాబు చెప్పింది ఎక్కువగా ముసలమ్మ.

“మూడేండ్ల దాక పేరు వెట్టి పిలిస్తె పలుకకపోయేది బిడ్డా. చెవుడేమో అనుకున్నం. కని గిన్నె సప్పుడైతే ఉరికొచ్చేది. ఏడుస్తె ఎత్తుకోబోతె కట్టె తీరు బిగుసుకునేది. ఆడపిల్ల నెమ్మదిగుంటే మంచిదే గదా అనుకున్నం. పొల్లగాడు గట్లనే ఉంటె మా గుండె పలిగింది గని, దీన్ని చూసి ఎవ్వరం ఫికర్ వడలే.”

మాట సంగతి అడిగాను. నాలుగో ఏట వచ్చిందట, అదీ సుజాత వల్ల. సుజాత అంటే నర్సయ్య అన్న కూతురు, అలివేలు కంటే ఏడాది పెద్ద, పక్కింట్లోనే ఉండేది. సుజాత ఏమంటే అలివేలు అదే అనేది. సుజాత ఎలా కూర్చుంటే అలా కూర్చునేది. ఆకలేస్తే ‘సుజాతకు ఆకలైతాంది’ అనేది. ఇంట్లో అందరూ నవ్వి అన్నం పెట్టేవాళ్లు. వచ్చినవాళ్లను బాగున్నరా, చాయ తాగిన్రా అని అడగడం కూడా సుజాత మాటే. ఊళ్లో బడికి ఇద్దరూ కలిసి పోయేవాళ్లు, ఒక పలక మీద రాసేవాళ్లు.

1993 మే నెలలో సుజాత వాళ్లు సోలాపూర్ వెళ్లిపోయారు. మగ్గం మీద గిట్టుబాటు కాక మరమగ్గాల పనికి అప్పట్లో మా వాళ్లు చాలామంది అటే పోయారు. జూన్‌లో అలివేలు ఒంటరిగా, ఎవరినీ చూసి చేయడానికి వీల్లేకుండా, కొత్త బడిలోకి అడుగుపెట్టింది. సుజాత దగ్గర నేర్చి దాచుకున్న మాటలు అక్కడ పనికిరాలేదు.

తిరుగుదారిలో జమాల్ భాయ్‌తో నా తప్పు చెప్పాను. ఆయన నోట్లోని పాన్ జీపు బయటికి ఉమ్మేశాడు. తర్వాత, “మనం నవ్వినం మేడం. గా పిల్ల దూద్ తాగే పోరిని చాయ తాగిన్రా అని అడిగితె, ఎందుకు అడిగిందని ఒక్కరం సోచాయించలే” అన్నాడు. నాతోపాటు తనూ తప్పులో వాటా తీసుకోవడం ఆయన పద్ధతి. అందుకే ఆయనంటే నాకంత అభిమానం.

సంతకమైన రికార్డును దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. పాత మాటను చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు, పేజీ మార్చకూడదు. చదవడానికి వీలుగా దాని మీద ఒకే గీత గీసి, పక్కన సరైన మాట రాసి, తేదీతో సంతకం చేసి, కారణం అనుబంధ నివేదికలో పెట్టాలి. శనివారం పొద్దున్నే నా బల్ల దగ్గర కూర్చుని ‘సాధారణం’ అన్న మాట మీద గీత గీశాను. గీత వంకరగా వచ్చింది.

దవాఖాన సూపరింటెండెంటు గారికి ఇది నచ్చలేదు. రెండున్నరేళ్ల కిందట ఒకలా, ఇప్పుడు ఒకలా రాస్తే రేపు మనం ఇచ్చిన ఏ కాగితాన్ని ఎవరు నమ్ముతారన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. సంజాయిషీ మెమో ఇవ్వాల్సి వస్తుందన్నారు. ఇవ్వండి అన్నాను. సైకియాట్రిస్టుతో నగరానికి ట్రంకాల్ చేసి మాట్లాడే అనుమతి మాత్రం తీసుకున్నాను.

ఆయన మొదట ఒప్పుకోలేదు. ఆటిజం ఉన్న పిల్ల మీ యోగక్షేమాలు ఎలా అడుగుతుందన్నారు. చంకలో పాపను కూడా అడిగిందండీ అన్నాను. తమ్ముడు కళ్లలోకి చూడకపోతే లక్షణమని రాశాం, అక్క చూడకపోతే సిగ్గని రాశాం, ఇద్దరూ చూడనిది ఒకటే అన్నాను. ఖాళీ రాట్నం సంగతి చెప్పాను. ముసలమ్మ చెప్పిన మూడేళ్ల నాటి సంగతులు చదివి వినిపించాను. అవన్నీ ఇంకోసారి చదవమన్నారు. చదివాను. చివరికి ఆయన, సోమవారం చేర్చడం ఆపుదాం, నెలరోజులు ఇంటి దగ్గరే ఉంచి వారం వారం మీరు చూడండి, బరువు తగ్గితే మాత్రం నా మాట వినాలి అన్నారు. ఫోన్ పెట్టేయగానే, సోమవారం నగరానికి పోనక్కర్లేదని నర్సయ్యకు కబురు పంపాను.

ఆ నెలరోజులు ప్రతి శుక్రవారం వెళ్లాను. పిల్లను బడి మాన్పించి రాట్నం దగ్గర వదిలేశాం. తింటోంది, కొరుక్కోవడం తగ్గింది. నేను పక్కన కూర్చుని కండెలు చుట్టేదాన్ని. ప్రశ్నలు అడగలేదు. నాలుగో శుక్రవారం నావైపు చూడకుండానే ఆ పిల్ల, “గంట వద్దు” అంది.

ఏ గంట అని అడిగాను.

“బడి గంట వద్దు. నెత్తిల కొడ్తది.”

అది సుజాత వాక్యం కాదు. అలివేలు సొంతంగా కట్టుకున్న వాక్యం. వెనక బాలమణి చేతిలోని చేట కింద పడి బియ్యం గదంతా పారింది. నేను కళ్లు తుడుచుకోలేదని అబద్ధం చెప్పను.

హైస్కూలుకు వెళ్లి చూస్తే, గంటగా కొట్టే రైలుపట్టా ముక్క సరిగ్గా ఆరో తరగతి కిటికీకి వేలాడుతోంది. ఊరి బడిలో గంట లేదు, పంతులు కేకే గంట. హెడ్‌మాస్టర్‌ను బతిమాలితే ఆ పట్టా తీయించి గేటు దగ్గర కట్టించాడు. పిల్లను తలుపు పక్క బెంచీలో కూర్చోబెట్టమని, మీదికి వెళ్లి ముట్టుకోవద్దని, ఏదైనా చెప్పాలంటే ముందుగా పలక మీద రాసి చూపించమని చెప్పాను. ఒక టీచరమ్మ వీటిని పాటించింది, మిగతావాళ్లు మరిచిపోయేవాళ్లు. ఆ ఒక్కరే చాలింది. దసరా సెలవుల తర్వాత అలివేలు బడికి పోయింది. మూడు నెలల పరిశీలన తర్వాత సైకియాట్రిస్టు హిస్టీరియా మీద ఒక గీత గీసి, ఆటిజం అని రాసి, తేదీతో సంతకం పెట్టారు. ఆయన గీత కూడా వంకరగానే వచ్చింది.

నాకు మెమో వచ్చింది. రికార్డులో వైరుధ్యానికి కారణం మూడు రోజుల్లో తెలపమన్నారు. ‘అడగవలసిన ప్రశ్న అడగలేదు’ అని ఒక వాక్యం రాసి ఇచ్చాను. హెచ్చరికతో వదిలేశారు. నా సర్వీసు ఫైలులో ఆ కాగితం ఇప్పటికీ ఉండి ఉంటుంది.

ఆ పిల్ల పదో తరగతి దాకా చదివి, తర్వాత మగ్గం ఎక్కింది. నేను బదిలీ అయ్యేదాకా అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని. బాగున్నరా అని అడగడం మానేసింది. వెళితే నావైపు చూడకుండా పీట జరిపేది. నాకు ఆ పీటే ఎక్కువ ఇష్టంగా ఉండేది.

ఈ ఉదంతం తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. అంతవరకు నేను మగపిల్లల తల్లులను వాడు ఏం చేయడని అడిగేదాన్ని, ఆడపిల్లల తల్లులను ఏం పని చేస్తుందని అడిగేదాన్ని. రెండు ప్రశ్నలకూ జవాబులు నిజమే వచ్చేవి, అయినా రెండో జవాబు బిడ్డను దాచేసేది. అప్పటినుంచి ఆడపిల్ల చేసే ప్రతి పనికీ మార్కు వేసేముందు, ఆ పని ఆపిస్తే ఏమవుతుందని అడగడం మొదలుపెట్టాను. ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. అంచున చేతితో రాసుకునేదాన్ని.

తర్వాత ఒక వేసవిలో, పాత శిబిరాల రిజిస్టర్లన్నీ దించి తోబుట్టువుల గడులు చదివాను. అక్కలు, చెల్లెళ్లు. నెమ్మది పిల్ల, సిగ్గరి, పనిమంతురాలు, సాధారణం. అన్నీ నా చేతిరాతే. సెలవు దొరికినప్పుడల్లా కొన్ని ఇళ్లకు వెళ్లగలిగాను. కొన్ని ఇళ్లకు తాళాలున్నాయి. కొందరు పిల్లలు పెద్దవాళ్లై ఎక్కడికో వెళ్లిపోయారు. వాళ్ల పేర్ల ఎదురుగా ‘సాధారణం’ అన్న మాట మీద నేను గీత గీయలేదు, గీయడానికి నా దగ్గర ఆధారం లేదు. అది అలాగే ఉంది.